బావ వంతు

మాది పెద్దబజారు పక్క సందులో చిన్న డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, గృహప్రవేశం కార్డులు, దినకర్మ కార్డులు, బడుల పరీక్ష పేపర్లు వేస్తాను. బరంపురంలో చాలా ఇళ్ళకి ఒకే కార్డు రెండు భాషల్లో కావాలి. చుట్టాలకి తెలుగులో, ఆఫీసువాళ్ళకీ ఇరుగుపొరుగుకీ ఒడియాలో. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు లిపుల్లోనూ ముక్కూ మొహం తెలియని వాళ్ళ పేర్లు కొడుతూ, తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఆదివారం ఒక్కరోజు షాపు మూస్తాను. ఆ ఒక్కరోజు కూడా భోజనం కాగానే ఆటో ఎక్కి ఊరి చివర అంకులి వెళ్ళి, మా బావ పక్కన కూర్చుని, మళ్ళీ తెర వంకే చూస్తాను. ఇది ఇరవై ఏళ్ళ పైమాట. మా ఆవిడ మొదట్లో నవ్వేది, తరవాత విసుక్కునేది. ఇప్పుడు అనడమే మానేసింది.

బావ అంటే మా అక్క భర్త. ఛత్రపురం వైపు ఒక తెలుగు బడిలో సోషల్ మాష్టారుగా చేసేవారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. ఆ చొక్కా జేబు దగ్గర ఎర్ర సిరా మరక తప్పనిసరి. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవారు.

ఒక వానాకాలం సాయంత్రం అర్ధసంవత్సరం పరీక్ష పేపరు టైపు చేయించుకోడానికి ఆయన షాపుకొచ్చారు. అప్పటికి నేను కొత్తగా ఒక పాత కంప్యూటర్ కొన్నాను. అమ్మినవాడు దాంతో పాటు నాలుగు సీడీలు కూడా ఇచ్చేశాడు. వాటిలో ఒకటి ఆట. బేరాలు లేని వేళ నేను దాన్ని తిప్పుతూ ఉండేవాణ్ణి. ఆ రోజు బావ వచ్చేసరికి తెర మీద అదే ఉంది. ఆయన గొడుగు మూసి, తెర దగ్గరికి వంగి, ఇది ఏ దేశం మ్యాపని అడిగారు. ఏ దేశమూ కాదు, ఆట అని చెప్పాను. నదులున్నాయి, కొండలున్నాయి, మరి దేశం కాకపోడమేమిటని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. వాన తగ్గింది, బజారులో దీపాలు వెలిగాయి, ఆయన లేవలేదు. పరీక్ష పేపరు మర్నాడు మళ్ళీ వచ్చి ఇచ్చారు.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. మ్యాపంతా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. మొదట ఒక ఎడ్లబండీ, ఇద్దరు మనుషులూ, చుట్టూ నాలుగు గళ్ళ నేలా ఇస్తారు. మంచి చోటు చూసి ఊరు కట్టుకోవాలి. పొలాలు దున్నించాలి, బాటలు వెయ్యాలి, గాదె కట్టాలి, ఇంకో ఊరు కట్టాలి. అవతల ఇంకెవరో రాజులుంటారు. వాళ్ళూ ఊళ్ళు కట్టుకుంటారు, ఎప్పుడో ఒకప్పుడు మన మీదకొస్తారు. అన్నిటికంటే ముఖ్యం ఏమిటంటే ఇందులో తొందర లేదు. ఎవరి వంతు వాళ్ళది. మన పని ముగించి, వంతు అయిపోయిందని గుర్తు నొక్కేదాకా కంప్యూటర్ కదలదు. సీడీ మీద దానికేదో పేరుండేది. మా అక్క వంతులాట అంది, అదే నిలిచిపోయింది.

తరవాత నేను షాపుకి కొత్త కంప్యూటర్ తెచ్చుకుని పాతది అంకులి పంపేశాను. అప్పటినుంచి ఆదివారాలు మొదలయ్యాయి. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరం ఆడే వీలుంది. ఆయనకో రాజ్యం, నాకో రాజ్యం. ఒకరి వంతు నడుస్తుంటే రెండోవాళ్ళు చూడకూడదు. నా వంతు వస్తే బావ కిటికీ వైపు తిరిగి వీధిలోకి చూసేవారు. ఆయన వంతు వస్తే నేను ఎదురుగోడ మీది కేలెండరు చూసేవాణ్ణి. ఆ కేలెండరులో ప్రతి పండగా నాకు కంఠతా వచ్చేసింది.

ఆయన ఆట నిమ్మళం. ముందు తిండి, తరవాత గోడ, ఆ తరవాతే గుర్రం అనేవారు. ఎవరి మీదకీ తానుగా వెళ్ళేవారు కాదు. నేను గుర్రాలతో మొదలెట్టేవాణ్ణి. ముప్పై వంతులు తిరిగేసరికి నా గుర్రాలకి మేత ఉండేది కాదు, ఊళ్ళో జనం తిరగబడేవారు. ఆయన ఒక్క బాణం వెయ్యకుండానే నేను ఓడిపోయేవాణ్ణి. తొలి ఏళ్ళల్లో నాకు కోపమొచ్చేది. ఒకసారి ఆ కోపం మీద టీ కూడా తాగకుండా వచ్చేశాను. మర్నాడు బడికి వెళ్తూ ఆయన షాపు దగ్గర ఆగి, ఎక్కడ తప్పు చేశానో చాక్‌పీసుతో షాపు గట్టు మీద గీసి చూపించి, బస్సుకి టైమయిందని వెళ్ళిపోయారు.

ఊళ్ళకి ఆట పెట్టే పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. పేరు మార్చుకునే వీలుందని నేను కనిపెట్టాక బావ తన ఊళ్ళన్నిటికీ మన గంజాం జిల్లా పేర్లు పెట్టడం మొదలెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, అది నా పని. సముద్రం ఒడ్డున కట్టిన ఊళ్ళకి ఆయన బడిపిల్లల ఊళ్ళ పేర్లు. మార్కండి నుంచీ పొడంపేట నుంచీ చేపల వేటకెళ్ళే వాళ్ళ పిల్లలు ఆయన దగ్గర చదువుకున్నారు. పొడంపేటని సముద్రం కోసుకుపోతోందని, వాళ్ళు ఇళ్ళు వదిలి వెనక్కి జరుగుతున్నారని ఆ రోజుల్లోనే చెప్పేవారు. ఆటలో ఏ కొత్త దేశం తెరిచినా, ఒడ్డున మొదట కట్టిన ఊరికి పొడంపేట అని పేరు పెట్టించేవారు. దానికి గోడ కూడా అన్నిటికంటే ముందే కట్టించేవారు.

పెద్ద తుపాను వచ్చిన ఏడాది అంకులిలో చాలా రోజులు కరెంటు లేదు. చెట్లు పడి వీధులు మూసుకుపోయాయి. ఆదివారం నేను సైకిలు మోసుకుంటూ, తోసుకుంటూ ఎలాగో వెళ్ళాను. వాళ్ళు బాగున్నారో లేదో చూసి రావాలని వెళ్ళాను తప్ప ఆట మాట నా మనసులో లేదు. ఇంటి రేకులు ఎగిరిపోయాయి. బావ వరండాలో కూర్చుని, నేను ఎప్పుడో ఇచ్చిన తప్పులు పడిన పెళ్ళికార్డుల వెనకవైపు ఏదో గీస్తున్నారు. చూస్తే మా ఆట మ్యాపు. పది కార్డులు పక్కపక్కన పేర్చి, ఏ గడిలో ఏముందో ఒక్కటి వదలకుండా పెన్సిలుతో వేశారు. నా వైపు భాగం మాత్రం ఖాళీగా వదిలేశారు. అది తాను చూడలేదు కాబట్టి తెలీదన్నారు. కరెంటు వచ్చాక తెరతో పోల్చి చూశాను. ఒక చిన్న అడవి తప్ప అన్నీ సరిపోయాయి.

ఆయనకి షుగరు అప్పటికే ఉంది. రిటైరయ్యాక ముదిరింది. కళ్ళ సంగతి మాకు ఆట దగ్గరే బయటపడింది. మొదట తెర మసకగా ఉందన్నారు, వెలుగు పెంచాను. తరవాత అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు, చేశాను. ఒక ఆదివారం ఆయన గుర్రాన్ని సముద్రంలోకి పంపబోయారు. ఆట ఒప్పుకోదు, టక్కుమని చప్పుడు చేస్తుంది. మళ్ళీ పంపారు, మళ్ళీ టక్కుమంది. మూడోసారి కూడా అదే గడి మీద నొక్కేసరికి నేను నవ్వేను. ఆయన నవ్వలేదు. మౌస్ వదిలేసి, ఈ రోజుకి చాలన్నారు.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. లేజరు అన్నారు, ఇంజెక్షన్లన్నారు. అక్కా నేనూ ఆయన్ని పట్టుకుని రైళ్ళెక్కి దిగడమే రెండేళ్ళ పని అయింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుగు ఏదో నీడ ఏదో తెలుస్తుంది, అంతే. ఆ రెండేళ్ళూ కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి ఉంది.

చికిత్సలన్నీ అయిపోయాయని డాక్టరు చెప్పాక వచ్చిన మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, బావ తానుగా అడిగారు.

“మన ఆట ఏటైపోనాది?”

ఎక్కడిదక్కడే ఉందన్నాను. ఎలా ఆడతారని అడగబోయి ఆగిపోయాను. ఆయనకి అర్థమైంది.

“నువ్వు సూసి సెప్పు. నేనాడతాను. నా సెయ్యి కూడా నువ్వే అవ్వాల మరి.”

ఇక ఎదురెదురు రాజ్యాలు కుదరవు. ఆయన రహస్యాలన్నీ నేను చూడక తప్పదు. అందుకని ఇద్దరం ఒకే పక్షం అయిపోయి, కంప్యూటర్ రాజుల మీద ఆడదామన్నారు. మా పెద్ద ఊరిని నడిబొడ్డు అనుకుని అక్కణ్ణుంచి గళ్ళు లెక్కపెట్టే పద్ధతి ఆయనే చెప్పారు. తూరుపు మూడు, ఉత్తరం రెండు, అడవి. తూరుపు నాలుగు, ఉత్తరం రెండు, ఏరు. నేను అలా చెప్పుకుంటూ పోవాలి. ఆయన కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో గీసుకుంటూ వింటారు. కొన్ని నిర్ణయాలు నాకు వదిలేసేవారు. ఈ గాదె సంగతి నీ వంతు, నువ్వే తేల్చు అనేవారు. మొదటిసారి అలా అన్నప్పుడు పాత అలవాటు కొద్దీ ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. నేను గాదె పని తేల్చి, అయింది బావా అన్నాను. మళ్ళీ ఇటు తిరిగారు.

చెప్పడం ఎంత కష్టమో చేస్తే గాని తెలీదు. రెండు నిమిషాల్లో అయ్యే వంతు పావుగంట పట్టేది. ఊళ్ళు పెరిగితే అరగంట. గొంతు ఎండిపోయేది. ఒక గడి తప్పు చెబితే ఆయన పట్టుకునేవారు, కోప్పడకుండా మళ్ళీ లెక్కపెట్టమనేవారు. వారమంతా తెర మీద అక్షరాలు చూసి చూసి ఎర్రబడిన నా కళ్ళు ఆదివారం గళ్ళు చూసేవి. అక్క మొదట్లో కాసేపు మా దగ్గర కూర్చునేది, తరవాత మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయేది. వంట పనేమో అనుకునేవాణ్ణి. నాలుగున్నరకి టీ తెచ్చేది.

ఇలా మూడేళ్ళు నడిచింది. నాకూ వయసొస్తోంది. ఫోన్లలో పంపే కార్డులొచ్చి షాపులో పని తగ్గింది. అందుకని పనిచేసే అమ్మాయిని మానిపించాల్సి వచ్చింది, దాంతో ఉన్న పనంతా నా నెత్తిన పడింది.

ఆ ఏడాది ఫాల్గుణంలో ఒక పెళ్ళికార్డు మూడుసార్లు దిద్దాల్సి వచ్చింది. అది నలభై మంది చుట్టాల పేర్లున్న కార్డు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అని వాళ్ళింట్లో తగువు. అది శనివారం సాయంత్రానికి తెమిలింది. ఆదివారం అంకులి వెళ్ళేసరికి నా మెడ తిరగడం లేదు. ఆ రోజు ఆటలో తూరుపు సముద్రంలో ఎవరివో ఓడలు కనపడ్డాయి. బావ అయిదు దళాలని పొడంపేటకి తరలించమన్నారు. ఏ దళం ఏ బాటన రావాలో ఒక్కొక్కటీ చెప్పారు. నేను రెంటిని కదిపాను. మూడోది ఎక్కడుందో వెతకాలి. వెతకబుద్ధి కాలేదు. అయిదూ కదిపేశానని చెప్పి వంతు నొక్కేశాను.

రెండు వంతులు తిరిగాయో లేదో ఓడలు ఒడ్డుకొచ్చాయి. పొడంపేట పోయింది. తెర మీద ఊరి రంగు మారిపోవడం చూస్తూ కూర్చున్నాను.

“ఏటయినాది?” అన్నారు బావ.

“ఏం లేదు బావా. ఓడలు తిరిగి ఎల్లిపోనాయి.”

నోటికి అదే వచ్చింది. ఊరు పోయిందంటే ఎలా పోయిందంటారు. అయిదు దళాలుండగా ఎలా పోతుందంటారు. అదంతా చెప్పే ఓపిక లేదనుకున్నాను అప్పుడు. చెప్పడానికి రెండు మాటలు చాలు, ఓపిక ఏం పెద్ద కావాలి. సిగ్గు అది.

మరుసటి ఆదివారం ఆయన మొట్టమొదట పొడంపేట సంగతే అడిగారు. బాగుందన్నాను. అక్కడ ఓడలు కట్టించమన్నారు. కట్టిస్తున్నానన్నాను. లేని ఊళ్ళో లేని ఓడలకి కలప ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా చెప్పాను. ఆ తరవాత ఏమైందంటే, అబద్ధం చెప్పడం గళ్ళు చదవడం కంటే తేలికగా ఉందని నాకు తెలిసిపోయింది. గళ్ళు లెక్కపెట్టాలంటే చూడాలి. అబద్ధానికి చూడనక్కర్లేదు. నేను కూడా కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, తోచింది చెప్పేవాణ్ణి. మౌస్ మాత్రం అప్పుడప్పుడు వంతు గుర్తు మీద టిక్కుమనిపించేవాణ్ణి. అలా వరసగా మూడు ఆదివారాలు. ఆ మూడు వారాలూ మెడనొప్పి తగ్గింది. నిజం చెప్పాలంటే సుఖంగానే ఉంది.

నాలుగో ఆదివారం ఇక దీన్ని ముగించేద్దామనుకున్నాను. ఓడలు వెళ్ళి అవతలి రాజుగారి పెద్ద ఊరు పట్టుకున్నాయని చెప్పి, గెలిచేశాం బావా అన్నాను. గెలిచినప్పుడు ఆయన మోకాలి మీద చిన్నగా చరుచుకుంటారు. ఆ రోజు ఆయన చెయ్యి కదలలేదు. వీధిలో ఎవరో పాత ఇనుముకి కేకేసుకుంటూ వెళ్ళారు. ఆ కేక దూరమయ్యేదాకా ఊరుకుని, అప్పుడు అడిగారు.

“పొడంపేట ఎప్పుడు పోనాది?”

నేను మౌస్ వదిలేశాను.

“ఆ ఓడలొచ్చిన రోజునేనా?”

“అవును బావా.”

“అనుకున్నాను. పది వంతులకి గాని అవ్వని ఓడలు నీకు ఆరు వంతులకే అయిపోనాయి. పడమటి కొండ దగ్గర అడివే లేదు, అక్కణ్ణుంచి కలప తెచ్చీసేవు.”

అంతా తెలిసి మూడు వారాలు ఎందుకూరుకున్నారని అడిగాను. ఆయన తల వంచుకుని మోకాలి మీద పంచె సర్దుకున్నారు.

“నువ్వలిసిపోనావని తెలుస్తన్నాది. అబద్ధమని అంటే నువ్వు మరి రావేమోనని ఊరుకున్నాను.”

ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే నేను సమాధానం చెప్పుకునేవాణ్ణి. మెల్లగా అన్నారు. అక్క టీ తెచ్చేలోపే, పనుందని చెప్పి లేచి వచ్చేశాను.

మూడు ఆదివారాలు వెళ్ళలేదు. ముహూర్తాలు ఉన్నాయి, పని తెమలడం లేదని ఫోనులో అక్కకి చెప్పాను. నిజానికి ఆ మూడు ఆదివారాలూ ఇంట్లో పడుకునే ఉన్నాను. నిద్ర పట్టలేదు. మా ఆవిడ రెండోవారం అడిగింది, ఏదైనా మాటా మాటా వచ్చిందా అని. లేదన్నాను. మరి ఎల్లండి అంది. ఇన్నేళ్ళలో వెళ్ళమని ఆవిడ అనడం అదే మొదలు.

నాలుగోవారం గురువారం నాడు మా అక్క షాపుకొచ్చింది. అక్క ఒంటరిగా ఇల్లు కదిలి ఎన్నాళ్ళయిందో. బావ దగ్గర పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చానంది. చేతిలో వడియాల డబ్బా. ప్రింటు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. దగ్గరగా వెలుగులో చూస్తే అక్క మొహం నాకు కొత్తగా ఉంది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. మా అమ్మ ఆఖరి రోజుల్లో అలా ఉండేది.

బావ పంపారేమో అనుకున్నాను. కాదంది. ఆయన నీ గురించి తిన్నాడో లేదో అంటారు తప్ప ఆట మాట ఎత్తడం లేదు, నేనే వచ్చాను అంది. తరవాత ప్రింటు మిషను వంక చూస్తూ చెప్పింది.

“నువ్వొచ్చిన ఆదివారం ఆ మూడు గంటలూ నేను పడుకుంటాన్రా తమ్ముడూ. వారం మొత్తానికి నాకదే నిద్ర.”

మిగిలిన రోజుల సంగతి అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆయన రాత్రీ పగలూ తేడా తెలీక లేస్తారు. గడప తట్టుకుంటారు. ఒకసారి పొయ్యి మీద చెయ్యి పెట్టేశారు. కునుకు పట్టేలోపు చిన్న చప్పుడైనా లేచి పరిగెత్తాలి. పక్కింటివాళ్ళని రోజూ పిలవడం కుదరదు. ఆదివారం ముందుగదిలో నేను తూరుపు మూడు ఉత్తరం రెండు అని చెబుతుంటే తనకి లోపల వినపడుతుందట.

“నీ గొంతు ఇనపడతన్నంతసేపూ ఆరి దగ్గర మనిషున్నారని నాకు నిద్దర పట్టీస్తాది. నువ్వాడేది ఏటో నాకు తెలీదు. నువ్వు మాటాడితే సాలు.”

నేను మూడేళ్ళుగా ఆమె వంటింట్లో ఉందనుకున్నాను. లోపలికి ఒక్కసారి తొంగి చూసినవాణ్ణి కాదు. బావకి నేనేదో సేవ చేస్తున్నానని, దానికోసం అలిసిపోతున్నానని లోలోపల నాకొక లెక్క ఉండేది. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిసిపోయిన మనిషి ఒక్క మాట అనకుండా నాకు నాలుగున్నరకి టీ పెట్టి తెచ్చేది. అక్కకి టీ తెప్పించాను. సగం తాగి, ఆయన లేస్తారేమోనని వెళ్ళిపోయింది. వడియాల డబ్బా వెనక్కి ఇవ్వడం మరిచిపోకు అంది.

ఆదివారం వెళ్ళాను. బావ నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి కుర్చీ పక్కకి జరిపారు. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. నేను నోరు తెరిచేలోపు ఆయన, నిజం మ్యాపు తియ్యి, ఏమేం మిగిలాయో చెప్పు అన్నారు. తీశాను. పొడంపేట పోయింది. దాని వెనక రెండు ఊళ్ళు పోయాయి, అవి నేను కూడా అప్పుడే చూడడం. నాలుగు మిగిలాయి. గుర్రాలు లేవు. గాదెల్లో మూడు వంతులకి తిండి. అంతా విని ఆయన పెదవి కొరుక్కున్నారు.

“ఈ రోజెన్ని వంతులాడగలవు? ఉన్నదున్నట్టు సెప్పు.”

“నాలుగు.”

“అయితే నాలుగే.”

అప్పటినుంచి అదే ఒప్పందం. కూర్చోగానే ఆయన అడుగుతారు, నేను నిజం చెబుతాను. ఒక్కొక్కసారి ఆరు, ఒక్కొక్కసారి ఒకటి. వంతులు అయిపోయాక కూడా నేను లేవను. పాత మ్యాపులేవో గట్టిగా చెబుతూ నాలుగున్నర దాకా మాట్లాడుతూనే ఉంటాను. అది అక్క నిద్ర కోసమని బావకి కూడా చెప్పేశాను. ఆయనకి అప్పటిదాకా ఆ సంగతి తెలీదు. విని, లోపలిగది తలుపు దగ్గరగా వెయ్యమన్నారు, మళ్ళీ వద్దన్నారు. వేస్తే నీ గొంతు దానికి వినపడదు కదా అన్నారు.

ఆ ఆట మేము ఓడిపోయాం. రెండు నెలలు పట్టింది. ఒక్కొక్క ఊరూ పోతుంటే ఒక్కొక్కటీ చెప్పాను, ఏదీ దాచలేదు. బావ ఎంత ప్రయత్నించినా నిలబడలేదు. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది, ఆ ఆలస్యం నాదే. ఆఖరికి మార్కండి ఒక్కటే మిగిలింది. అది కూడా పోయాక తెర నల్లబడి, ఏడుపు రాగంలో సన్నాయిలాంటి పాట ఒకటి వచ్చింది. నాకు అలవాటే, ఆ పాట నా రాజ్యాలకి ఎన్నిసార్లు మోగిందో. ఆపబోతే బావ చెయ్యి పట్టుకున్నారు. తాను ఓడి ఎరగరు కాబట్టి, ఆ పాట తన కోసం ఎప్పుడూ వినలేదట. చివరిదాకా విని, బాగానే ఉందన్నారు.

ఇప్పుడు కొత్త ఆట నడుస్తోంది. నాకూ షుగరు తేలింది. ఊరికే అలిసిపోవడానికి అదొక కారణమని డాక్టరు చెప్పాడు. మాత్రలు వేసుకుంటున్నాను గాని అలసట ఏమీ ఎక్కడికీ పోలేదు.

పోయిన నెల ఒక ఆదివారం నాలుగు వంతులు ఆడగలనని చెప్పి కూర్చున్నాను. రెండు అయ్యాయి. మూడో వంతులో బావ ఎడ్లబండి ఎటు పంపాలా అని ఆలోచిస్తున్నారు. ఆయన తేల్చేలోపు నేను కుర్చీలోనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఎండ వాలిపోయింది. లోపలి గదిలో అక్క గురక సన్నగా వినపడుతోంది. బావ నేను వదిలిన చోటే, అదే కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాళ్ళు కూడా కదిపినట్టు లేదు. ఎదురుగోడ మీద గడియారం చూస్తే అయిదవుతోంది. ఆయనకి దాహం వేసి ఉంటుంది, నీళ్ళ గ్లాసు అందేంత దూరంలో లేదు.

ఎందుకు లేపలేదు బావా అన్నాను. గట్టిగా మాట్లాడొద్దని చెయ్యి ఊపారు.

“ఇద్దరికిద్దరూ పడుకున్నారు. నేనేటి సెయ్యాల మరి? కూకున్నాను.”

లేచి ఆయనకి నీళ్ళిచ్చాను. గ్లాసు పూర్తిగా తాగి నా చేతికిచ్చి, ఎడ్లబండిని తూరుపుకి రెండు గళ్ళు తియ్యమన్నారు. అక్కడ ఏరుంది, ఆలోచించుకున్నానన్నారు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాను. గళ్ళు లెక్కపెట్టి బండిని తీశాను.